కార్బురేటర్ కింద సుద్దగీత

మా ఆయన ఒకే నట్టును నాలుగుసార్లు బిగించి కార్బురేటర్ చెవి విరగ్గొట్టారు.

ముప్పై నాలుగేళ్లుగా ఆ చేతుల్ని చూస్తున్నాను. ఏ నట్టునూ పావు చుట్టు ఎక్కువ తిప్పిన పాపాన పోలేదు. ఆ రోజు మాత్రం బిగించారు, స్పానర్ కింద పెట్టారు, మళ్లీ తీసుకుని "ఇది వదులుగా ఉండిపోయిందే" అని గొణుక్కుంటూ బిగించారు. నాలుగోసారికి టప్పుమంది. నేను లబోదిబోమంటూ పరిగెత్తాను. "కళ్లు నెత్తికెక్కాయా మీకు? ఇలాంటిది ఇంకోటి దొరుకుతుందా ఈ జన్మలో?" అని అరిచాను. ఆయన విరిగిన ముక్కను అరచేతిలో పెట్టుకుని నెమ్మదిగా తిప్పి చూశారు.

"అయ్యయ్యో, ఎవరు చేశారిది?" అన్నారు.

నటన కాదు. నిజంగానే అడిగారు.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, మా వీధిలో ఎవరైనా చెబుతారు. గాలినీ పెట్రోలునీ కలిపి ఇంజనుకి పట్టే కార్బురేటర్లో చిన్న సూది ఒకటుంటుంది. తొట్టి నిండగానే లేచి, వచ్చే పెట్రోలుకి అడ్డం పడుతుంది. అది లేకపోతే ఇంజను మునిగిపోతుంది. కాపరానికొచ్చిన కొత్తలోనే ఆయన నాకు 'సూది' అని పేరు పెట్టారు. పొగడ్తో ఎత్తిపొడుపో ఇప్పటికీ తేల్చలేదు. పాత బండ్లు బాగుచేసి అమ్మే మా షెడ్డుకి కొనడానికొచ్చినవాళ్లతో కూడా "ఉండండి, మా సూదినడగాలి" అనేవారు.

డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాను. డాక్టరేవో బొమ్మలు చూపించాడు, తేదీలడిగాడు, గడియారం గీయమన్నాడు. చివరికి నన్ను పక్కకి పిలిచి, "కొత్త జ్ఞాపకాలు ముందు పోతాయమ్మా. పాతవి చివర్న పోతాయి" అన్నాడు. మందేదీ అనడిగితే కాస్త నెమ్మదింపజేసేది ఉంది గానీ బాగుచేసేది లేదన్నాడు. బాగుచేయడం రానివాడు బోర్డెందుకు పెట్టుకున్నాడని దారంతా తిట్టుకుంటూ వచ్చాను. పక్కన నడుస్తున్న ఆయన, "ఎవర్ని తిడుతున్నావోయ్ సూదీ?" అని నవ్వారు. అప్పటికింకా ఆ పేరుంది.

నట్టు పట్టే ఆ చెవి విరిగింది మామూలు బండిది కాదు. షెడ్డులో ఎడమ మూలనున్న పాత జీపు మా మామయ్యగారిది. రాళ్లగుట్టలెక్కడానికి పుట్టిన బండి. తారురోడ్డు మీద ముసలాడిలా దగ్గుతుంది, గుట్ట కనబడితే మాత్రం పడుచువాడైపోతుంది. మామయ్య కొన్నప్పుడు ఇంజను కంపెనీ ఇచ్చినట్టే ఉండేది. దానికి ఒంటి గొంతు చిన్న కార్బురేటర్, గొంతంటే గాలి పీల్చే దారి. నా పెళ్లయిన రెండో ఏడు సిలిండర్లకి బోరు వేయించి పెద్దవి చేశాం. గాలి ఎక్కువ కావాల్సొచ్చి, కాస్త వెడల్పు గొంతున్నది పెట్టాం. మా అమ్మాయికి తొమ్మిదేళ్లప్పుడు హెడ్డు అరగదీయించి, వాల్వులు ఎక్కువసేపు తెరుచుకునేలా కేమ్ షాఫ్ట్ మార్చాం. ఆ ఇంజను ఆకలికి రెండు గొంతులది పెట్టాం. రాళ్ల మీద నెమ్మదిగా పాకేటప్పుడు ఒక గొంతే పనిచేస్తుంది, గట్టిగా తొక్కితే రెండోది తెరుచుకుంటుంది. విరిగింది అదే.

ఊళ్లో స్పేర్ పార్టుల కొట్టు మా మరిదిది. మూడు కార్బురేటర్లు గోనెసంచిలో వేసుకొచ్చాడు. ఒకటి చిన్నది, ఒకటి మధ్యరకం, ఒకటి రెండు గొంతులది. మూడూ పాతవే, కడిగి తెచ్చాడు.

"నీకు రెండు గొంతులదే సరిపోతుంది వదినా. ఒక గొంతు ఇంటికి, ఒకటి వీధికి" అన్నాడు.

"నీ తలకాయ. మీ అన్నయ్య ఎంచాలి, నేను కాదు" అన్నాను.

మరిది నవ్వు ఆపేశాడు. "ఇప్పుడు అన్నయ్యతో ఎంపికేంటి వదినా? చిన్నపిల్లాడినడిగినా చెప్తాడు, ఈ ఇంజనుకి ఏది పెట్టాలో."

నాకు తెలియక కాదు. పెద్ద ఇంజనుకి ఇరుకు గొంతు పెడితే గుట్ట సగంలో ఊపిరాడక చస్తుంది. మరీ పెద్ద గొంతు పెడితే నెమ్మదిగా వెళ్లేటప్పుడు గాలికి బద్ధకం, పెట్రోలుని లాక్కురాదు. ఆ ఇంజనుకి ఆ రెండు గొంతులదే మొగుడు. కానీ నేను చూడాల్సింది వేరే ఉంది. ఆయన చేత్తో సుద్దగీత దాని కింద పడుతుందా లేదా? పడితే ఆయన బుర్రలో కేమ్ షాఫ్ట్ మార్చిన ఏడు ఉన్నట్టు. ఆ ఏడు ఉంటే అమ్మాయి ఉన్నట్టు, నేనూ ఉన్నట్టు. డాక్టర్ గడియారం గీయించాడు. నా పరీక్ష నాది.

సుద్దగీత సంగతి చెప్పాలి. మామయ్య పెట్టిన పద్ధతి అది. ఏ బండికైనా కార్బురేటర్ ఎంచాలంటే ఒకరు పెరట్లోకి వెళ్లాలి, రెండోవాళ్లు తమకి నచ్చినదాని అడుగున సుద్దతో గుర్తుపెట్టి బోర్లించాలి. తర్వాత వీళ్లు బయటికి, వాళ్లు లోపలికి. ఒకరి మాటకి ఒకరు తలూపడం ఉండకూడదని. రెండు గుర్తులూ ఒకదాని కిందే పడితే బిగిస్తారు. పడకపోతే ఆ రోజుకి బండి జోలికి పోరు, కూర్చుని పోట్లాడుకుంటారు. మామయ్య గుర్తు అడ్డగీత, మా ఆయనది నిలువుగీత. మామయ్య చూపు మందగించాక ఒకరోజు సుద్దముక్క నా చేతిలో పెట్టి, "ఈ పిల్ల కన్ను మంచిది" అన్నారు. నేను సున్నా చుట్టాను. నేను చుట్టిన మొదటి సున్నా, పెళ్లయిన రెండో ఏడు జీపుకి పెట్టిన ఆ మధ్యరకం కార్బురేటర్ కిందే.

ఆదివారం పొద్దున్నే బల్ల తుడిచి మూడూ వరసగా పెట్టాను. ఆయన చేతులు కడుక్కుని వచ్చారు. చూడాలి ఆ పని! వాలు బల్ల తెచ్చారు. దానికి ఒకవైపు మడతబందు ఉంటుంది. కార్బురేటర్ని దాని మీద బిగించి, తొట్టిలో పెట్రోలు పోసి, గుట్టెక్కేటప్పుడు బండి ఎంత వాలుతుందో అంత వాల్చి చూస్తారు. గొంతులోకి పెట్రోలు కారితే అది గుట్టకి పనికిరాదు. మూడింటినీ వాల్చారు, కారినచోట తొట్టిలో తేలే ఫ్లోటు రేకును గోటితో ఇసుమంత వంచారు. ఎక్కడా తడబాటు లేదు. ఈ మనిషికి జబ్బేంటి, ఆ డాక్టరుకే ఏదో జబ్బు అనుకున్నాను.

నేను పెరట్లోకి వెళ్లాను. ఆయన గీశారు. తర్వాత నేను రెండు గొంతుల దాని కింద సున్నా చుట్టాను. ఇద్దరం బల్ల దగ్గర నిలబడి తిప్పి చూశాం. ఆయన నిలువుగీత మధ్యరకం కింద ఉంది.

"అదేంటండీ? కేమ్ మార్చాం కదా. దీనికేం చాలుతుంది?"

"ఏ కేమ్?"

"ఏ కేమేంటి! మనమ్మాయి టార్చి పట్టుకుంటే రెండ్రోజులు కూర్చుని మార్చాం. కొత్త గౌను మీద నూనె పడిందని అది రాగం తీస్తే, మీరు మీ చొక్కాకీ పూసుకుని 'చూడు, నాక్కూడా' అన్నారు."

"ఏ అమ్మాయి?" అన్నారు. నా మొహంలో ఏం కనబడిందో, వెంటనే నవ్వేసి, "ఆ, అమ్మాయి. గుర్తుంది, గుర్తుంది" అన్నారు. అబద్ధమాడటం ఆయనకి ఎప్పుడూ చేతకాలేదు. అంతకుముందు శనివారం అమ్మాయి వచ్చి, కూర కలిపి ఆయనకి ముద్దలు తినిపించి వెళ్లింది. అది గుమ్మం దాటాక "ఎవరి తాలూకు ఆ పిల్ల? నెమ్మదస్తురాలు" అన్నారు. నేను విననట్టు కంచాలు తీశాను. ఇప్పుడు ఆ గీతతో లెక్క తేలిపోయింది.

సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ ఏడుపులోనూ నాకో మూల సంతోషమేసింది. ఆ మధ్యరకం దగ్గర నేనున్నాను. కొత్త కోడల్ని, సుద్ద పట్టడం రాక వేళ్లన్నీ తెల్లగా చేసుకున్నదాన్ని. కూతురు పోయిన చోట తల్లి మిగిలిందని సంతోషపడ్డాను. అంత స్వార్థం నాది.

అక్కడితో ఊరుకుంటే నేను సూదినెందుకవుతాను? పెట్రోలు చిమ్మే జెట్టులో నలక పడితే గాలి కొడతాం, ఎగిరిపోతుంది. మనిషి బుర్రకీ అంతేననుకున్నాను. రెండు గొంతులది బిగించి, ఆయన్ని గుట్టెక్కిస్తే, ఆ రెండో గొంతు తెరుచుకునే చప్పుడు చెవిన పడితే అన్నీ తిరిగొస్తాయనుకున్నాను. రెండు గుర్తులూ కలవకుండా బిగించడం మా షెడ్డులో అదే మొదటిసారి.

"వద్దు వదినా. ఆయన్ని కంగారుపెట్టకు" అన్నాడు మరిది.

"నీ కొట్టు నువ్వు చూసుకో, నా మొగుణ్ణి నేను చూసుకుంటాను" అన్నాను.

రాళ్ల క్వారీ వెనక గుట్టకి తీసుకెళ్లాను. నేను నడుపుతున్నాను, ఆయన పక్కన కూర్చున్నారు. కింద వాలులో బండి పిల్లిలా పాకింది. ఆయన మోకాలి మీద వేళ్లతో తాళం వేస్తున్నారు. ప్రతి రాయి దగ్గరా "ఎడమ, ఎడమ, ఇప్పుడు వదులు" అంటున్నారు. నా ప్రాణం లేచొచ్చింది. ఇక చాలు, ఇప్పుడే అనుకుని గట్టిగా తొక్కాను. రెండో గొంతు తెరుచుకుంది. బండి గాండ్రించి పైకి దూకింది.

ఆయన నా చెయ్యి గట్టిగా పట్టేసుకున్నారు. "ఆపు! ఆపు! ఇది నాన్న బండి కాదు! నాన్న బండినేం చేశారు?"

గుట్ట మధ్యలో ఆపాను. హ్యాండ్ బ్రేక్ లాగి, దిగి, చక్రాల కింద రాళ్లు పెట్టాను. తొందరలో ఒక రాయి కాలి మీదే పడేసుకున్నాను. ఆయన సీట్లో ముడుచుకుని ఏడుస్తున్నారు. అరవై దాటిన మనిషి. "నాన్న తిడతాడు. చెప్పకుండా తెచ్చాం. నాన్న తిడతాడు" అని ఒకటే మాట. నేను వీపు రాశాను, నీళ్లు తాగించాను, మామయ్య ఏమీ అనరని ఒట్టేశాను. అరగంట పట్టింది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. నేను తొక్కింది కడిగితే పోయే అడుసు కాదు.

తర్వాత రెండ్రోజులు ఆయన షెడ్డులోకి రాలేదు. మూడోనాడు కాఫీ ఇస్తే అందుకుని, "నీకెందుకు శ్రమ, అమ్మా" అన్నారు. సూదీ అనలేదు. ఏమోయ్ అనలేదు. ఆ గుట్ట మీద నేనే ఆయన్ని వెనక్కి తోసేశానని నాకనిపిస్తుంది. డాక్టరు అలాంటిదేం లేదన్నాడు, ఎలాగూ జరిగేదే అన్నాడు. మరిదీ అదే అన్నాడు. వాళ్లెన్ని చెప్పినా యాక్సిలరేటర్ మీదున్నది నా కాలు.

రెండు గొంతుల దాన్ని ఊడదీసి సంచిలో పడేశాను. మూడు వారాలయ్యాక ఒకరోజు పొద్దున్న ఆయనే షెడ్డులోకొచ్చి బానెట్ ఎత్తి చూశారు.

"నాన్న బండికి కార్బురేటర్ లేదేంటి?"

పాత గీతలు తుడిచి మూడూ తెచ్చి బల్ల మీద పెట్టాను. సుద్దముక్క ఇచ్చాను. ఎందుకని అడగలేదు. నేను పెరట్లో నీళ్ల డ్రమ్ము పక్కన నిలబడ్డాను. రెండు గొంతులది అక్కర్లేదు, కనీసం మధ్యది, మధ్యది చాలు అని గొణుక్కుంటూ నిలబడ్డాను. అమ్మాయిని వదులుకున్నాను అప్పుడు. తల్లిని కదా, ఆ మాట ఒప్పుకోవడానికి నోరు రాదు, కానీ వదులుకున్నాను.

ఆయన బయటికొచ్చాక లోపలికెళ్లి ఒక్కొక్కటే ఎత్తి చూశాను. నేను ముందు చూడటం తప్పే, పద్ధతి కాదు. మధ్యదాని కింద ఏమీ లేదు. చిన్నదాని కింద, కంపెనీ ఇచ్చినట్టున్న ఒంటి గొంతు దాని కింద, నిలువుగీత ఉంది. ఎప్పట్లాగే తిన్నగా, ఒక్క గీతలో. ఆ ఇంజను దగ్గర నేను లేను. నేనింకా ఆ ఇంటి గుమ్మం తొక్కలేదు.

ఏం చేయను? అదే చిన్నదాని కింద, ఆయన గీత పక్కనే, సున్నా చుట్టాను. పనికిరాదని తెలిసి కార్బురేటర్ ఎంచడం నా బతుకులో అదొక్కసారే.

ఆయనొచ్చి తిప్పి చూశారు. కళ్లజోడు పైకి తోసి మళ్లీ చూశారు.

"నాన్న అడ్డగీత పెడతాడే. ఈ సున్నా ఎవరిది?"

"నాదండీ."

కొనడానికొచ్చినవాళ్లని చూసినట్టు మర్యాదగా చూశారు నన్ను. "కొత్తగా పనిలో చేరావా అమ్మా? దీని మీద మేమిద్దరమే గీస్తాం, నేనూ నాన్నా. ఏమనుకోకు" అన్నారు. బొటనవేలితో నా సున్నాని తుడిచేశారు. విసుగేం లేదు, పని శుభ్రంగా ఉండాలన్నట్టు తుడిచారు. కార్బురేటర్ని గూట్లో పెట్టి, "నాన్న రానీ. ఆయన గీయందే బిగించకూడదు" అన్నారు.

పెరట్లోకెళ్లి డ్రమ్ములో తల ముంచినంత పనిచేశాను. నీళ్లలో ఏడుపు కనబడదు కదా. కోపమొచ్చింది కూడా, దాచను. ముప్పై నాలుగేళ్లు ఒక్క బొటనవేలికి పోయాయి.

ఆయన షెడ్డు గుమ్మంలో కుర్చీ వేసుకుని మామయ్య కోసం ఎదురుచూశారు. ఒకరోజు కాదు, నాలుగు రోజులు. "నాన్నొచ్చాక తింటాను" అని అన్నం పక్కకి తోసేసేవారు. వీధిలో స్కూటర్ ఆగినా లేచి నిలబడేవారు. మామయ్య పోయి ఇరవై తొమ్మిదేళ్లని మొదటిరోజు చెప్పాను, నా బుద్ధి గడ్డి తిని. ఆ మాట ఆయన అప్పుడే విన్నారు, అప్పుడే తండ్రి పోయినంతగా ఏడ్చారు. సాయంత్రానికి మరిచిపోయి మళ్లీ గుమ్మంలో కూర్చున్నారు. ఇంకెప్పుడూ చెప్పలేదు.

ఐదో రోజు ఆయన స్నానానికి వెళ్లినప్పుడు గూట్లోంచి కార్బురేటర్ తీశాను. బోర్లించాను. నిలువుగీత ఒంటరిగా ఉంది. నా సున్నా ఉన్నచోట మసక. సుద్దముక్క తీసుకున్నాను. నా చేతికి సున్నా తప్ప ఇంకోటి రాదు. మామయ్య ఎలా పెట్టేవారో గుర్తుచేసుకున్నాను. ఎడమ నుంచి కుడికి, చివర కాస్త పైకి. అలాగే అడ్డగీత పెట్టాను. గూట్లో మా ఆయన ఉంచినచోటే మళ్లీ పెట్టేశాను.

తల తుడుచుకుంటూ వచ్చి తీసి చూశారు. ఆ మొహం నేను చచ్చేదాకా మరిచిపోను.

"నాన్న వచ్చెళ్లాడు! చూశావా, నాన్న కూడా ఇదే అన్నాడు!"

"చూశానండీ. మీరు స్నానంలో ఉన్నారు. తొందరగా వెళ్లాలన్నారు" అన్నాను.

ఆ పూట రెండుసార్లు అడిగి అన్నం పెట్టించుకున్నారు.

చిన్న కార్బురేటర్ అడుగు ఇంజనులోకి దారితీసే మానిఫోల్డ్ మీద కూర్చోదు. అక్కడ రెండు గొంతులకి రెండు బొక్కలున్నాయి. మందపాటి అల్యూమినియం రేకు కోసి, బొక్క తొలిచి, ఆకురాయితో రాసి మధ్యన పలక చేశాను. పైనా కిందా ప్యాకింగ్ కత్తిరించాను. మరిది వచ్చి చూసి, "వదినా, ఇది గుట్టెక్కదు" అన్నాడు. "ఇక ఎవరెక్కాలయ్యా గుట్ట?" అన్నాను. వాడు తల తిప్పుకున్నాడు. ఆ తర్వాత పలక పట్టుకుని నిలబడ్డాడు, నేను నట్లు బిగించాను. ఒక్కోటి ఒక్కసారే.

ఆయన్ని డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టి, గేరు న్యూట్రల్లో ఉందో లేదో రెండుసార్లు చూసుకుని తాళం తిప్పాను. ఆ కేమ్ షాఫ్ట్‌తో కాస్త కుంటుతూనే అయినా నిలబడింది ఇంజను. తొక్కితే మూలుగుతుందని తెలుసు. తొక్కలేదు. అలా తొక్కకుండానే, ఐడ్లింగ్‌లో నెమ్మదిగా తిరుగుతుంటే ఆయన స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని కళ్లు మూసుకున్నారు. నేను బానెట్ పక్కన నిలబడ్డాను.

"బాగా కుదిర్చావమ్మా. ఎవరి దగ్గర నేర్చుకున్నావు?" అన్నారు.

"మా ఆయన దగ్గర."

"మంచి పనివాడే." కాసేపు చెవొగ్గి విన్నారు. "ఐడ్లింగ్ మాత్రం కాస్త ఎక్కువ పెట్టడం నేర్పాడు."

"ముప్పై నాలుగేళ్లుగా నేనూ అదే మొత్తుకుంటున్నానండీ. వింటేగా" అన్నాను.

ఆయన గట్టిగా నవ్వి, పక్క సీటు మీదున్న స్క్రూడ్రైవర్ తీసి నాకందించారు. నేను ఐడ్లింగ్ స్క్రూ పావు చుట్టు తగ్గించాను.